నీరు పల్లమెరుగు... సూది బెజ్జమూ ఎరుగు!

సూదీ దారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ పేజీలో పాత దుప్పట్లతో ఏమేం చేసుకోవచ్చో రాస్తూ చివర్లో ఒక్క మాట అన్నాను. పైన కాటన్ దుప్పటి, అడుగున నీళ్ళు దిగని గుడ్డ వేసి కుట్టుకుంటే తడి గడ్డి మీద కూడా హాయిగా కూర్చోవచ్చని. అంతే. అన్నంత తేలిక కాదని నాకు తెలుసు, పేజీలో చోటు చాలక వదిలేశాను. దానికి శిక్షా అన్నట్టు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అప్పుడే కుట్టేసి, తడిసిపోయి, నన్ను తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకని జిప్పుల గురించి, కాలర్ల గురించి అడిగినవాళ్ళు ఈ నెలకి కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మా, అడుగున వేసే గుడ్డ ఏది కొనాలో తేలడం లేదు. ఒకరు రెక్సిన్ అంటారు, ఇంకొకరు టార్పాలిన్ అంటారు. ఇంట్లో పాత గొడుగులు మూడు ఉన్నాయి. వాటి గుడ్డలు కలిపి కుడితే సరిపోదా?

జవాబు: గొడుగుల్ని వదిలేయండి. గొడుగు మీద వాన పడుతుంది, జారిపోతుంది. ఆ గుడ్డ చేసే పని అంతవరకే. దాని మీద నీళ్ళు నిలబడవు, ఎవరూ కూర్చోరు. అదే గుడ్డని తడి నేల మీద పరిచి పైన కూర్చున్నారనుకోండి, అయిదు నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది.

చిన్న లెక్క చూడండి. 60 కిలోల మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆ బరువు సుమారు 1000 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకి 60 గ్రాములు. ఆ గుడ్డ మీద 60 సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టినట్టే. అదే మనిషి పిల్లవాడి బూటు లేసు కట్టడానికి మోకాళ్ళ మీద వంగితే? రెండు మోకాళ్ళు కలిపి 100 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, 6 మీటర్ల లోతు నీళ్ళ ఒత్తిడి. తడి దుప్పటి మీద ముందు మోకాళ్ళ దగ్గరే ఎందుకు చల్లగా తగులుతుందో ఇప్పుడు అర్థమైందా? టెంట్ల నేల గుడ్డ మీద 3000 మి.మీ. లాంటి అంకె ఒకటి రాసి ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? గుడ్డ మీద నీళ్ళని అంత ఎత్తుకి పెంచుతూ పోయినా అవి అవతలికి దిగలేదని దానర్థం. అంకె పెద్దదయ్యే కొద్దీ మన పనికి మంచిది.

ఇక మీ జాబితా. రెక్సిన్ నీళ్ళని బాగా ఆపుతుంది, కానీ బరువు. చలిలో బిగుసుకుపోతుంది, ఎప్పుడూ ఒకే చోట మడిస్తే ఆ మడత వెంట పగుళ్ళు వస్తాయి. టార్పాలిన్ తేలిక, గట్టిది కూడా. కానీ కదిలినప్పుడల్లా గరగరమని ఒకటే చప్పుడు. పైగా అది ప్లాస్టిక్ పట్టీలతో నేసినది, సూది పడిన చోట పట్టీ నిలువుగా చీలే గుణం ఉంది. బాత్రూమ్ కర్టెన్లలో ప్లాస్టిక్‌వి నీళ్ళని ఆపుతాయి గానీ కుట్టు దగ్గర తొందరగా చిరుగుతాయి. ఉతికి వాడే పిల్లల న్యాపీలకి పైపొరగా వేసే పల్చటి గుడ్డ ఉంటుంది చూడండి, లోపలి వైపు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది, అది మెత్తగా, చప్పుడు లేకుండా భలే ఉంటుంది. దొరికితే మహా మంచిది. నా ఓటు మాత్రం రెయిన్‌కోట్లు కుట్టే నైలాన్ లేదా పాలియెస్టర్ గుడ్డకే. ఒక వైపు పూత ఉండాలి. వేలితో రాస్తే ఆ వైపు కాస్త రబ్బరులా పట్టుకుంటుంది.

ఆ పూత వైపు నేలకి రాకూడదు, లోపలికి రావాలి. నేలకి పెడితే రాళ్ళకీ ఇసుకకీ గీరుకుని పూత పోతుంది. ఇది తిరగేసి కుట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొనేముందు చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో పరీక్ష పెట్టండి. పాత తువ్వాలు నీళ్ళోడేలా తడిపి నేల మీద పరవండి. దాని మీద గుడ్డ ముక్క, ఆపైన పొడి టిష్యూ కాగితం, ఆపైన చిన్న ప్లాస్టిక్ కవరు. కవరు ఎందుకంటే మీ చెమట టిష్యూకి అంటకుండా. ఇప్పుడు దాని మీద మోకాలు ఆనించి రెండు నిమిషాలు బరువంతా మోపండి. టిష్యూ పొడిగా ఉంటే గుడ్డ పాస్. మగ్గుకి గుడ్డ కట్టి నీళ్ళు పోసి చూసే పరీక్ష నేను నమ్మను, అందులో గొడుగు గుడ్డ కూడా పాసైపోతుంది.

ప్రశ్న: మేడం, మీరు రాసింది చదివి ముచ్చటపడి కుట్టాను. పైన కాటన్, మధ్యలో పాత ఉన్ని దుప్పటి, అడుగున రెయిన్‌కోటు గుడ్డ. పొరలు జారకుండా అడ్డంగా, నిలువుగా గళ్ళు గళ్ళుగా కుట్టాను. చుట్టూ అందంగా కాటన్ పైపింగ్ (అంచు పట్టీ) వేశాను. తీరా తీసుకెళ్ళి పరిస్తే గంటలో అందరికీ తడి! గుడ్డ మంచిదే, తడి తువ్వాలు మీద పరిచి మోకాలు ఆనించి ముందే చూశాను. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి దుప్పటే కళ్ళ ముందు కదిలింది. నేనూ అచ్చం ఇలాగే చేశాను. బొంత కుట్టే అలవాటు చేతికి ఉందిగా, మూడు పొరలూ కలిపి ప్రతి మూడు అంగుళాలకీ ఒక వరస లాగించాను. నాదేదో గొప్ప పనితనం అనుకున్నాను. అరగంట కూర్చున్నాక మా చెల్లెలు లేచి నిలబడింది. దాని ప్యాంటు వెనకాల తడి చుక్కలు. చిందరవందరగా కాదు, స్కేలు పెట్టి గీసినట్టు వరసగా! "నీ కుట్టు ఎంత తిన్నగా ఉందో చూడు" అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. 60 అంగుళాల చదరం దుప్పటి. నిలువు 19, అడ్డం 19 వరసలు. అంగుళానికి 8 కుట్లు. మొత్తం 18 వేలకు పైగా బెజ్జాలు. నీళ్ళు ఆపే గుడ్డ కొని తెచ్చి, దాన్ని నా చేత్తోనే జల్లెడ చేశానన్నమాట.

ఇందులో మనం ఒంటరివాళ్ళం కాదులెండి. 1823లో చార్లెస్ మాకింతోష్ అనే ఆయన రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి అతికించిన వాన గుడ్డకి బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. గుడ్డకి వంక పెట్టేదేమీ లేదు. దర్జీలు దాంతో కోట్లు కుట్టారు, కుట్ల వెంటే నీళ్ళు లోపలికి దిగాయి. అంతటివాళ్ళకే సూది తిప్పలు తప్పలేదు.

అయితే మీ విషయంలో దోషం ఒక్క బెజ్జాలదే కాకపోవచ్చు. దుప్పటి తడిసిన తీరు చూస్తే తెలుస్తుంది. చుక్కలు చుక్కలుగా, వరసల్లో తడిస్తే అది సూది పని. అంచుల నుంచి లోపలికి మ్యాపులా పాకుతూ వస్తే అది మీ కాటన్ పైపింగ్ పని. దీపంలో ఒత్తి నూనెని పైకి లాగుతుంది చూశారా, అచ్చం అలాగే ఆ పైపింగ్ తడి గడ్డిని ఆనుకుని, నీళ్ళు పీల్చి, లోపలున్న ఉన్ని దుప్పటికి అందిస్తుంది. అసలు బెజ్జం ఒక్కటి లేకపోయినా సరే, రెండు గంటల్లో అంచు చుట్టూ జానెడు మేర తడుస్తుంది. ఇక అన్ని చోట్లా ఒకేలా చెమ్మగిల్లితేనే గుడ్డని అనుమానించాలి. మీకు మొదటి రెండూ కలిసొచ్చాయని నా అనుమానం.

ఉన్న దుప్పటిని బాగుచేయాలంటే పైపింగ్ విప్పేయండి. గళ్ళ కుట్లు విప్పకండి, విప్పినా బెజ్జాలు పూడవు. టెంట్ల కుట్లకి పూసే సీమ్ సీలర్ అని ట్యూబులో వస్తుంది. అడుగు గుడ్డ పూత ఏ రకమో చూసి, దానికి సరిపడేది తెచ్చి ప్రతి వరస మీదా సన్నగా పూసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. మీ గళ్ళన్నీ పూయడానికి తల ప్రాణం తోకకొస్తుంది, ముందే చెబుతున్నాను. అంతకంటే దాని అడుగున ఇంకో కొత్త గుడ్డ వేసి, అంచుల్లో మాత్రమే కుట్టుకోవడం నయం.

కొత్తగా కుట్టేవాళ్ళ కోసం నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. ముందు పై గుడ్డనీ మధ్య పొరనీ మాత్రం కలిపి మీ ఇష్టమొచ్చినన్ని గళ్ళు కుట్టుకోండి. బొంత సరదా అక్కడ తీర్చుకోండి. అది 60 అంగుళాల చదరం అయితే అడుగు గుడ్డని 64 అంగుళాలు కత్తిరించండి, నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువన్నమాట. అడుగు గుడ్డని పూత వైపు పైకి ఉండేలా నేల మీద పరిచి, మధ్యలో మీ బొంతని పెట్టండి. బయటికి వచ్చిన రెండు అంగుళాల్ని ముందు సగానికి మడిచి, ఆ మడతని మళ్ళీ బొంత మీదకి మడవండి. ఇప్పుడు బొంత అంచు మీద అంగుళం వెడల్పు పట్టీలా కూర్చుంటుంది. ఆ పట్టీ లోపలి అంచు వెంట ఒకే ఒక్క కుట్టు, చుట్టూ. దీనికి పైపింగ్ అక్కర్లేదు, కాటన్ ఎక్కడా గడ్డిని తాకదు. అడుగు గుడ్డకి పడిన బెజ్జాలన్నీ అంచు నుంచి అంగుళం దూరంలో, ఎవరూ కూర్చోని చోట. ఆ ఒక్క వరసకి సీలర్ పూయడం పది నిమిషాల పని.

మూలల దగ్గరే చాలామంది ఆగిపోతారు. అడుగు గుడ్డ మూల కొనని పట్టుకుని, బొంత మూలని తాకేలా లోపలికి మడవండి, త్రికోణం వస్తుంది. దాని కొన కాస్త కత్తిరించేయండి, లేకపోతే అక్కడ పొరలు ఎక్కువై సూది విరుగుతుంది. ఆ తర్వాత ఒక పక్క రెండు మడతలు, ఇంకో పక్క రెండు మడతలు వేస్తే ఫోటో ఫ్రేము మూలలా ఏటవాలు గీత మీద రెండూ కలుసుకుంటాయి. మొదటిసారి కాగితంతో చేసి చూడండి. నేనైతే ఇప్పటికీ కాగితం మడిచి చూసుకుంటాను.

మధ్యలో అడుగు గుడ్డ వదులుగా ఉండి జారుతుందని భయమా? నాలుగు చోట్ల, నడుమ ఒక చోట చేత్తో ఒక్కొక్క టాకా వేసి, అడుగున దాని మీద సీలర్ చుక్క పెట్టండి. అయిదు టాకాలతో కొంప మునిగిపోదు.

ప్రశ్న: అక్కా, రెక్సిన్ పెట్టి కుడుతుంటే గుడ్డ ముందుకి కదలడం లేదు. మిషన్ ఉన్నచోటే టకటకా కొడుతోంది, కుట్లన్నీ ఒకే చోట కుప్ప పడుతున్నాయి. మిషన్ పాతది, కాలితో తొక్కేది. మోటారు మిషన్ కొనాల్సిందేనా?

జవాబు: కొనొద్దు. ఈ పనికి తొక్కుడు మిషనే నయం. నెమ్మదిగా వెళ్తుంది, మీ కాలి మాట వింటుంది. దోషం ఫుట్‌ది, అంటే సూది దగ్గర గుడ్డని పైనుంచి అదిమిపట్టే ముక్కది. ఇనుప ఫుట్ అడుగుభాగం రెక్సిన్‌కి అతుక్కుపోతోంది, కింది పళ్ళు ఎంత నెట్టినా గుడ్డ కదలదు.

ఫుట్‌కీ గుడ్డకీ మధ్య పల్చటి కాగితం పట్టీ పెట్టి, కాగితం మీదుగానే కుట్టేయండి. తర్వాత చింపితే వచ్చేస్తుంది. మెరుపు లేని టేపు ముక్క ఫుట్ అడుగున అంటించి, సూది దిగే చోట మాత్రం ఖాళీ వదిలినా పని జరుగుతుంది. టెఫ్లాన్ ఫుట్ అని తెల్లగా ప్లాస్టిక్‌లా ఉండేది విడిగా దొరుకుతుంది. తరచూ కుట్టేవాళ్ళు ఒకటి కొనిపెట్టుకోవచ్చు. ఏదీ లేకపోతే ముఖానికి రాసుకునే పౌడర్ కాస్త చల్లండి, కుట్టాక తుడిచేయొచ్చు.

కుట్టు పొడవు పెంచండి, 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు. జాకెట్టుకి వేసినట్టు సన్నకుట్టు వేస్తే తపాలా బిళ్ళల మధ్య బెజ్జాల్లా అయిపోయి, లాగినప్పుడు ఆ గీత వెంటే చిరుగుతుంది. సూది కొత్తది పెట్టండి. పల్చటి రెయిన్‌కోటు గుడ్డకి 11 లేదా 12 నంబరు చాలు, సూది ఎంత సన్నమైతే బెజ్జం అంత చిన్నది. రెక్సిన్, టార్పాలిన్, మందపాటి జీన్స్ గుడ్డ కలిసినప్పుడు 16. తోలు సూది మాత్రం ముట్టుకోకండి. దాని కొన కత్తిలా ఉంటుంది, బెజ్జం పొడవదు, గాటు పెడుతుంది. దారం పాలియెస్టర్‌ది వాడండి, కాటన్ దారం తడికి పుచ్చిపోతుంది. దారం టెన్షన్ కాస్త వదులు చేసి, ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. మన టెన్షన్ కూడా అప్పుడే తగ్గుతుంది.

ఇంకొకటి, గుండుసూదులు గుచ్చవద్దు. మామూలు గుడ్డలో బెజ్జం పూడిపోతుంది, ఇందులో పూడదు. బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టుకోండి. తప్పు కుట్టు పడిందా, విప్పినా మచ్చ అలాగే ఉంటుంది. కాబట్టి సుద్దతో గీత గీసుకుని, ఒక్కసారే కుట్టాలి.

ప్రశ్న: మడతలు కూర్చోవడానికి ఇస్త్రీ చేయొచ్చా?

జవాబు: పై గుడ్డకి, విడిగా ఉన్నప్పుడు, శుభ్రంగా చేయండి. అడుగు గుడ్డ కలిశాక వద్దు. ఒకసారి నా ఇస్త్రీ పెట్టెకి రెక్సిన్ అతుక్కుంటే గీకడానికి ఒక ఆదివారం పోయింది. మడతని గోటితోనో చెంచా వెనకభాగంతోనో రుద్దండి, చాలు.

ప్రశ్న: నలుగురం ఉంటాం. ఎంత కొలత పెట్టుకోవాలి? మా దగ్గరున్న కాటన్ గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలే.

జవాబు: 60 అంగుళాల చదరం అయితే నలుగురు కూర్చోవచ్చు, మధ్యలో డబ్బాలు పెట్టుకోవచ్చు. ఒకరు నడుం వాల్చాలంటే 60 కి 80 చేసుకోండి.

44 పన్నా గుడ్డ 60 అంగుళాల చదరానికి 3.25 మీటర్లు తీసుకోండి. అసలు కావాల్సింది మూడు మీటర్ల పైచిలుకే, మిగతాది ముడుచుకుపోవడానికి వదులుతున్నాం. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళు ముడుచుకుంటుంది. 60 అంగుళాలకి మూడు అంగుళాలు పోవచ్చన్నమాట. అడుగు గుడ్డ ముడుచుకోదు. అందుకే ఉతక్కుండా కుట్టిన దుప్పటి మొదటి ఉతుకు తర్వాత అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ముందు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడే కత్తెర పట్టండి.

అతుకు పై గుడ్డలో ఎక్కడ పడినా పర్వాలేదు. అడుగు గుడ్డలో అతుకు లేకుండా చూసుకోవాలి. రెయిన్‌కోటు గుడ్డ 58, 60 అంగుళాల పన్నాలో వస్తుంది. అలాంటిది దొరికితే దుప్పటినే 54 అంగుళాలకి తగ్గించుకోండి, నాలుగు అంగుళాల మడత కూడా అందులోనే వచ్చేస్తుంది. ఆ ఆరు అంగుళాల కోసం అతుకు వేసి, సీలర్ పూసి, ఎప్పుడు కారుతుందోనని ఎదురుచూడటం ఎందుకు? తప్పనిసరై వేస్తే, జీన్స్ ప్యాంటు కాళ్ళలో కనబడే జంట కుట్టులా అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి కుట్టి, లోపలివైపు నిండుగా సీలర్ పూయండి.

ప్రశ్న: ఆంటీ, నేను హాస్టల్లో ఉంటాను, మిషన్ లేదు. చేత్తో కుట్టొచ్చా? మెత్తగా ఉండాలని మధ్యలో స్పాంజి షీటు పెడదామనుకుంటున్నాను.

జవాబు: చేత్తో నిక్షేపంగా కుట్టొచ్చమ్మా. పైన చెప్పిన పద్ధతిలో ఉన్నది చుట్టూ ఒక్క వరసే కదా. 60 అంగుళాల చదరానికి 240 అంగుళాలు. రోజుకో పక్క పెట్టుకుంటే నాలుగు రోజులు. ముందుకి ఒక కుట్టు, వెనక్కి ఒక కుట్టు వేస్తూ వెళ్ళు, మామూలు పరుగు కుట్టు వద్దు. దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగితే చిక్కు పడదు, తడీ పీల్చదు. వేలికి తొడుగు పెట్టుకో. మూలల్లో సూది దిగకపోతే బలం చూపించకు, పట్టకారుతో లాగు.

స్పాంజి మాత్రం వద్దు. అది మడవడానికి రాదు, ఒక్కసారి నీళ్ళు తాగిందంటే రెండు రోజులైనా ఆరదు, ఆపైన వాసన. దూది పొర కూడా అంతే. పాలియెస్టర్ పొర కానీ, పాత ఫ్లీస్ దుప్పటి కానీ పెట్టుకో. అవి నీళ్ళు తక్కువ పట్టుకుంటాయి, తొందరగా ఆరతాయి. మధ్య పొర మెత్తదనానికే అనుకోకు. నేల చల్లగా ఉన్నప్పుడు ఒంటి వేడిని నేల లాగేసుకోకుండా అడ్డుపడేదీ అదే.

ప్రశ్న: మేడం, రెండేళ్ళ కిందట కుట్టిన దుప్పటి. అటక మీంచి తీస్తే ఒకటే ముక్క వాసన. నల్లటి చుక్కలు కూడా ఉన్నాయి. వాషింగ్ మిషన్లో వేయొచ్చా?

జవాబు: వేయకండి. ముఖ్యంగా స్పిన్ తిప్పకండి. నీళ్ళు దిగని గుడ్డ మిషన్లో సంచిలా నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది. డ్రమ్ము జోరుగా తిరిగేటప్పుడు ఆ బరువంతా ఒక పక్కకి వచ్చి మిషన్ ఊగిపోతుంది. మా ఇంట్లో ఒకసారి మిషన్ గోడ దగ్గర్నుంచి తలుపు దాకా నడిచొచ్చింది. వాటర్‌ప్రూఫ్ బట్టలు వేయొద్దని చాలా మిషన్ల పుస్తకాల్లో రాసే ఉంటుంది, మనం చదవం కదా.

నేల మీద పరిచి, చల్లటి నీళ్ళు, కొద్దిగా సబ్బుపొడి, మెత్తటి బ్రష్షు. మరకల మీద తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి తుడిచి చూడండి. వెనిగర్ వాడిన చోట బ్లీచింగ్ ఏదీ వాడకండి, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. నల్ల చుక్కలు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేను. వాసన మాత్రం పోతుంది. నీడన, గాలి ఆడే చోట, రెండు వైపులా తిప్పి ఆరేయండి.

ఆరాక పూత వైపు ఒకసారి తాకి చూడండి. జిగురుగా వేలికి అంటుతోందా, పొరలు పొరలుగా ఊడుతోందా? అయితే పాలియురెథేన్ పూత తేమకి చెడిపోయినట్టే. దానికి మందు లేదు, అడుగు గుడ్డ విప్పి కొత్తది వేసుకోవాలి. అసలు రోగం తడి ఆరకముందే మడిచి అటకెక్కించడం. ఇంటికి రాగానే ఎంత నీరసంగా ఉన్నా సరే, అరగంట ఎక్కడైనా వేలాడదీయండి.

ప్రశ్న: ఈ పేజీ చదివే మగవాళ్ళలో నేనొకణ్ణి. దుప్పటి కుట్టడం అయిపోయింది, బాగా వచ్చింది. చుట్టి చేత్తో పట్టుకెళ్ళేలా పట్టీ ఎక్కడ కుట్టాలి? గాలికి ఎగరకుండా ఏం చేయాలి?

జవాబు: బాగా వచ్చిందన్నారు, సంతోషం. పట్టీలు అంచు మడతలోకి దూర్చి కుట్టండి, దుప్పటి మధ్యలో కుట్టి కొత్త బెజ్జాలు పెట్టకండి. 60 అంగుళాల చదరాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే 15 అంగుళాల వెడల్పు వస్తుంది. తడి వైపు బయటికి, కూర్చునే వైపు లోపలికి ఉండేలా మడవాలి. దాన్ని చుట్టుకుంటూ వెళ్తే చివర్లో పట్టీ పైకి వస్తుంది. మీ దుప్పటి మందం నాకు తెలియదు కాబట్టి, చుట్టిన తర్వాత టేపుతో చుట్టుకొలత తీసుకుని, దానికి నాలుగు అంగుళాలు కలిపి పట్టీ కత్తిరించండి. ఆ నాలుగు అంగుళాల్లో వెల్క్రో.

గాలికైతే నాలుగు మూలల్లో చిన్న ఉచ్చుల్లా టేపు ముక్కలు పెట్టి, పుల్లలు గుచ్చుకోవచ్చు. మూలల్లో చిన్న జేబులు కుట్టి అక్కడ దొరికిన రాళ్ళు వేయొచ్చు. నాకైతే చెప్పుల జతలు నాలుగు చాలు.

ప్రశ్న: మా అత్తగారు ఇదంతా చూసి నవ్వుతున్నారు. "కింద ఒక ప్లాస్టిక్ షీటు, పైన ఒక దుప్పటి పరిస్తే పోయేదానికి నాలుగు రోజుల కుట్టు పనేమిటి?" అంటున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: ఆవిడ మాట తీసెయ్యడానికి లేదు. ఆవిడ పద్ధతిలో బెజ్జాలు సున్నా! నేను మూడు కాలమ్‌ల నిండా తిప్పలు పడింది ఆ సున్నా కోసమే. దుప్పటి విడిగా ఉతుక్కోవచ్చు, షీటు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, వాషింగ్ మిషన్ నడిచే గొడవే లేదు.

అయితే పిల్లలు దాని మీద రెండుసార్లు గెంతగానే దుప్పటి ఒక దారి, షీటు ఒక దారి. అదొక్కటే లోటు. ఆవిడకి ఇలా చెప్పి చూడండి. షీటు నాలుగు వైపులా దుప్పటి కంటే మూడు అంగుళాలు పెద్దదిగా తీసుకుని, ఆ అంచుని ఒకసారి లోపలికి మడిచి కుట్టండి. మూలల్లోనూ, ఒక్కో పక్క నడిమధ్యనా, మడత మీదే ఒక్కో గుండీ, మొత్తం ఎనిమిది. అంచుల్ని పైకి తిప్పి దుప్పటి మీదకి వేసినప్పుడు గుండీలు పైకి వస్తాయి. అవి వచ్చే చోట దుప్పటికి ఎలాస్టిక్ ఉచ్చులు కుట్టి తగిలించండి. కూర్చునే చోట ఒక్క బెజ్జం ఉండదు, గెంతినా జారదు, ఇంటికొచ్చాక నిమిషంలో విడదీసుకోవచ్చు. నా తర్వాతి దుప్పటి నేనూ ఇలాగే కుడుతున్నాను. గుండీలు కాస్త పెద్దవి తీసుకోండి. చలికి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు చిన్న గుండీ ఉచ్చులోంచి రాదు.